జెర్మాట్ నుంచి చెర్వీనియాకు స్కీల మీద: పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగి రావడం ఎలా

జ్యూరిక్‌లోనో మ్యూనిక్‌లోనో ఉద్యోగం చేస్తూ రెండు మూడు సీజన్లు స్కీయింగ్ నేర్చుకున్న తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్న ఇది: పొద్దున స్విట్జర్లాండ్‌లో బయల్దేరి, మధ్యాహ్నం ఇటలీలో భోంచేసి, సాయంత్రానికి మళ్లీ అదే హోటల్‌కు రావచ్చా? మాటర్‌హార్న్ కొండకు అటు ఇటలీలోని చెర్వీనియా, ఇటు స్విట్జర్లాండ్‌లోని జెర్మాట్ ఉన్నాయి కనుక తప్పకుండా రావచ్చు. అయితే ఈ రెండు ఊళ్ల మధ్య కొండ దాటించే రోడ్డు లేదు. మంచు మీద జారుతూ, లిఫ్టులు ఎక్కుతూ వెళ్లాలి, అలాగే రావాలి. సరిహద్దు దగ్గరి ఆఖరి లిఫ్ట్ తప్పిపోతే మిగిలేది 200 కి.మీ. పైచిలుకు టాక్సీ ప్రయాణం, లేదా ఇటలీలో రాత్రి బస.

అందువల్ల ఈ మార్గదర్శిలో ఎక్కువ భాగం తిరుగు ప్రయాణం గురించే ఉంటుంది. వెళ్లడం సులువు.

## 1. ముందుగా కొండను అర్థం చేసుకోండి

పేర్లు నోరు తిరగనివి కావచ్చు గాని, ఎత్తులు గుర్తుంటే దారి దానంతట అదే గుర్తుంటుంది.

స్విస్ వైపు, కింది నుంచి పైకి:

- జెర్మాట్ ఊరు: సుమారు 1,600 మీటర్లు
- ఫూరి: సుమారు 1,870 మీటర్లు
- ట్రోకెనర్ స్టెగ్: 2,939 మీటర్లు
- క్లైన్ మాటర్‌హార్న్: 3,883 మీటర్లు

ఇటలీ వైపు, పై నుంచి కిందికి:

- ప్లాటో రోజా (దీన్నే తెస్తా గ్రీజా అని కూడా అంటారు): సుమారు 3,480 మీటర్లు, సరిహద్దు ఇక్కడే
- చీమె బియాంకె లాగి: సుమారు 2,800 మీటర్లు
- ప్లాన్ మైజోన్: సుమారు 2,550 మీటర్లు
- చెర్వీనియా ఊరు: 2,050 మీటర్లు

సరిహద్దు దాటడానికి ముఖ్యమైన చోట్లు మూడు: ప్లాటో రోజా, దానికి కాస్త దిగువన ఉన్న టెయోదుల్ కనుమ, ఇంకొంచెం అవతల ఉన్న ఫుర్గ్‌సాట్టెల్. మూడూ దాదాపు 3,300 మీటర్లు, ఆపైన ఎత్తులో ఉన్నాయి. అంటే ఏ దారిన వచ్చినా గాలి తాకిడికి ఎదురుగా నిలబడిన శిఖర రేఖను రోజులో రెండు సార్లు దాటక తప్పదు. వాతావరణం చెడితే మొదట మూతపడేవి కూడా ఈ లిఫ్టులే.

## 2. ఈ ప్రయాణం ఎవరికి తగినది, ఎవరికి కాదు

రెండు దేశాల్లోనూ పిస్టుల (గుర్తులు పెట్టిన స్కీ దారుల) రంగులు ఒకటే: నీలం సులువు, ఎరుపు మధ్యస్థం, నలుపు కష్టం. జెర్మాట్ వైపు పసుపు గుర్తులు ఉన్న దారులు యంత్రంతో చదును చేయనివి కనుక ఈ ప్రయాణంలో వాటి జోలికి వెళ్లనక్కర్లేదు.

ఎరుపు పిస్ట్ మీద ఆగకుండా 15 నిమిషాలు, వేగం అదుపులో ఉంచుకుంటూ దిగగలిగితే మీరు సిద్ధంగా ఉన్నట్లే. గుల్మార్గ్‌లోనో ఔలీలోనో వారం రోజుల కోర్సు మాత్రమే చేసినవారు ముందుగా జెర్మాట్ వైపే రెండు రోజులు తిరిగి, మూడో రోజు సరిహద్దు దాటడం మంచిది. నైపుణ్యం ఒక్కటే దానికి కారణం కాదు. 3,883 మీటర్ల ఎత్తులో గాలి పీడనం సముద్ర మట్టంలో ఉండేదానిలో మూడింట రెండు వంతులకన్నా తక్కువ. హైదరాబాద్ నుంచి విమానం దిగి మర్నాడే అక్కడికి ఎక్కితే తలనొప్పి, ఆయాసం రావడం మామూలే.

జట్టులో ఎవరు నెమ్మదిగా దిగుతారో వారి వేగమే జట్టు వేగం. కింద వేసే సమయాల లెక్క అంతా ఆ వ్యక్తిని బట్టే వేయాలి.

## 3. పత్రాలు, బీమా

వీసా. స్విట్జర్లాండ్ యూరోపియన్ యూనియన్‌లో లేకపోయినా షెంగెన్ ప్రాంతంలో ఉంది, ఇటలీ కూడా ఉంది. కనుక భారతీయ పాస్‌పోర్ట్ మీద సింగిల్ ఎంట్రీ షెంగెన్ వీసా ఉన్నా ఈ ప్రయాణానికి సరిపోతుంది. కొండ మీద ఇటలీలోకి జారి మళ్లీ రావడం షెంగెన్ నుంచి బయటకు వెళ్లడం కిందికి రాదు. లండన్‌లో ఉండేవారికి మాత్రం బ్రిటన్ వీసా చాలదు, షెంగెన్ వీసా విడిగా కావాలి.

పాస్‌పోర్ట్, నివాస అనుమతి కార్డు ఉంటే అది కూడా, జాకెట్ లోపలి జిప్ జేబులో పెట్టుకోవాలి. పైన సరిహద్దు దగ్గర సాధారణంగా ఎవరూ అడగరు. కాని లిఫ్టులు ఆగిపోయి రోడ్డు మార్గంలో రావలసి వస్తే, లేదా ఇటలీలో హోటల్ గది తీసుకోవలసి వస్తే, హోటల్ లాకర్‌లో భద్రంగా ఉన్న పాస్‌పోర్ట్ వల్ల ప్రయోజనం ఉండదు.

బీమా. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. షెంగెన్ వీసా కోసం తీసుకునే 30,000 యూరోల వైద్య బీమాలో శీతాకాల క్రీడలు చేరి ఉంటాయని అనుకోకూడదు. పాలసీ పత్రంలో మినహాయింపుల పేజీ తెరిచి స్కీయింగ్ అన్న మాట ఎక్కడుందో వెతకండి. పిస్ట్ మీద నుంచి స్లెడ్జిలో దించడానికి, హెలికాప్టర్‌కు అయ్యే ఖర్చు పాలసీ భరిస్తుందా అన్నది విడిగా చూడాలి. హెలికాప్టర్ బిల్లు వేల ఫ్రాంకుల్లో ఉంటుంది.

దీనికి తోడు ఇటలీ చట్టం ఒకటి ఉంది. 2022 జనవరి 1 నుంచి ఇటలీ పిస్టుల మీద స్కీ చేసే ప్రతి ఒక్కరికీ, తమ వల్ల ఎదుటివారికి జరిగే నష్టాన్ని భరించే బీమా తప్పనిసరి. స్విట్జర్లాండ్‌లో నివసించేవారికి ఇంటి లయబిలిటీ పాలసీలో ఇది ఉండే అవకాశం ఉంది. పాలసీ కాపీ ఫోన్‌లో ఉంచుకుంటే సరిపోతుంది. లేనివారు పాస్ కొనేటప్పుడే రోజువారీ బీమా అడిగి తీసుకోవాలి.

హెల్మెట్. 2025 నవంబర్ 1 నుంచి ఇటలీ పిస్టుల మీద వయసుతో సంబంధం లేకుండా అందరికీ హెల్మెట్ తప్పనిసరి అయింది. ఉన్ని టోపీతో సరిహద్దు దాటితే జరిమానా పడుతుంది.

## 4. సరైన పాస్ కొనడం

జెర్మాట్ కౌంటర్‌లో స్విస్ వైపుకు మాత్రమే చెల్లే పాస్, రెండు దేశాలకూ చెల్లే ఇంటర్నేషనల్ పాస్ వేరువేరుగా అమ్ముతారు. రెండు వైపులా కలిపి పిస్టులు సుమారు 360 కి.మీ. ఉంటాయి. ధరలు తేదీని బట్టి మారుతూ ఉంటాయి కనుక ఇక్కడ అంకె వేయడం లేదు.

స్విస్ పాస్‌తో ఇటలీలోకి జారిపోవడానికి అడ్డు ఉండదు, ఎందుకంటే కిందికి దిగేవారిని ఏ గేటూ ఆపదు. చిక్కు తిరిగి వచ్చేటప్పుడే. చెర్వీనియా లిఫ్ట్ గేటు దగ్గర ఎర్ర లైటు వెలుగుతుంది, వెనక వరుసలో యాభై మంది ఉంటారు.

నా సలహా ఇది. వారం రోజులు ఉండేవారు అన్ని రోజులకూ ఇంటర్నేషనల్ పాస్ కొనకుండా, స్విస్ పాస్ తీసుకుని, వాతావరణం బాగున్న ఒక్క రోజుకు ఇటలీ అనుబంధ టికెట్ చేర్చుకునే వీలు గురించి కౌంటర్‌లో అడగాలి. ఒక్క రోజుకే వచ్చినవారు ఆ ఉదయం లిఫ్టుల పరిస్థితి చూసిన తర్వాతే ఇంటర్నేషనల్ పాస్ కొనాలి.

పాస్ కార్డును ఎడమ జేబులో ఒంటరిగా ఉంచండి. ఒకసారి నేను పాస్‌ను ఫోన్‌తో కలిపి ఒకే జేబులో పెట్టాను. గేటు ముందు ముందుకు వంగి, వెనక్కి జరిగి, పక్కకు తిరిగి అన్ని రకాల నమస్కారాలూ చేసినా అది తెరుచుకోలేదు. ఫోన్ తీసి కుడి జేబులో వేసుకోగానే తెరుచుకుంది.

## 5. ఏ రోజు వెళ్లాలి

నాలుగు విషయాలు చూసి నిర్ణయించాలి.

గాలి. ఎండ ఉన్నంత మాత్రాన లిఫ్టులు నడుస్తాయని కాదు. ఊళ్లో ఆకాశం నీలంగా ఉండి, పైన గాలి హోరున వీస్తూ సరిహద్దు లిఫ్టులు మూతపడిన రోజులు ఎన్నో ఉంటాయి. ముందు రోజు రాత్రి 3,500 మీటర్ల ఎత్తుకు గాలి అంచనా చూడాలి. ఊరి అంచనా ఇందుకు పనికిరాదు. మధ్యాహ్నం నుంచి గాలి పెరుగుతుందని రాసి ఉంటే ఆ రోజు వెళ్లవద్దు. పొద్దున గాలి ఉండి మధ్యాహ్నానికి తగ్గుతుందంటే ఆలస్యంగా బయల్దేరి చిన్న చుట్టు వేసి రావచ్చు.

చలి. ప్రతి వెయ్యి మీటర్లకూ ఉష్ణోగ్రత సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. ఊళ్లో సున్నా ఉంటే క్లైన్ మాటర్‌హార్న్ మీద మైనస్ 15 అనుకోవచ్చు. దానికి గంటకు 40 కి.మీ. గాలి తోడైతే ముఖానికి తగిలేది మైనస్ 27 లాంటి చలి.

హిమపాత (మంచు చరియలు విరిగిపడే) ప్రమాదం. స్విస్ హిమపాత సంస్థ శీతాకాలంలో రోజూ సాయంత్రం 5 గంటలకు బులెటిన్ ఇస్తుంది, ఉదయం 8 గంటలకు సవరిస్తుంది. ప్రమాద స్థాయిలు 1 నుంచి 5 వరకు ఉంటాయి. ఇటలీ వైపు ఆఓస్తా లోయ ప్రభుత్వం ఇచ్చే బులెటిన్ విడిగా ఉంటుంది. మీరు పిస్టులు దాటి వెళ్లకపోయినా, స్థాయి 4కు చేరితే చాలా పిస్టులు మూసేస్తారు.

జనం. శని, ఆదివారాల్లో మిలాన్, తూరిన్ నుంచి జనం చెర్వీనియాకు పోటెత్తుతారు. ఫిబ్రవరిలో బడి సెలవులు ఉంటాయి. మంగళ, బుధ, గురువారాలు మేలు. నెలల్లో నేను మార్చిని ఎంచుకుంటాను: పగలు పొడవు పెరుగుతుంది, పైన మంచు గట్టిగానే ఉంటుంది, జనవరి చలి ఉండదు.

## 6. తిరుగు లిఫ్ట్ నుంచి వెనక్కి లెక్క వేయడం

ఉదయం 9కి బయల్దేరితే ఎక్కడికి ఎప్పుడు చేరతాం అని ముందుకు లెక్క వేయడం అలవాటు. ఈ ప్రయాణానికి లెక్క తలకిందులుగా వేయాలి. సరిహద్దు దాటించే ఆఖరి లిఫ్ట్ సమయాన్ని కాగితం మీద పైన రాసి, అక్కడి నుంచి వెనక్కి రావాలి. ఆ సమయం సీజన్‌ను బట్టి మారుతుంది. ఆ రోజు సమయాలు రెండు వైపులా లిఫ్టులు నడిపే కంపెనీల యాప్‌లలోనూ, లిఫ్ట్ స్టేషన్ బోర్డుల మీదా ఉంటాయి.

చెర్వీనియా ఊరి నుంచి ప్లాటో రోజాకు మూడు అంచెలు ఎక్కాలి: ఊరి నుంచి ప్లాన్ మైజోన్, అక్కడి నుంచి గొండోలాలో (తీగ మీద వరుసగా నడిచే చిన్న కేబిన్‌లో) చీమె బియాంకె లాగి, అక్కడి నుంచి పెద్ద కేబుల్ కార్‌లో ప్లాటో రోజా. మూడో అంచెలో కేబుల్ కార్ నిండితే తరువాతిది వచ్చే వరకు నిలబడాలి. సాయంత్రం వరుస పెరిగేది అక్కడే.

ఉదాహరణకు, ఆ రోజు బోర్డు మీద ప్లాటో రోజా ఆఖరి కేబుల్ కార్ 3.30 అని ఉందనుకుందాం. లెక్క ఇలా వస్తుంది:

- 3.30: ఆఖరి కేబుల్ కార్. దీన్ని లేనట్లే భావించాలి.
- 3.00: మనం ఎక్కవలసిన కేబుల్ కార్.
- 2.35: చీమె బియాంకె లాగి వరుసలో నిలబడి ఉండాలి.
- 2.15: ప్లాన్ మైజోన్‌లో గొండోలా ఎక్కాలి.
- 1.55: చెర్వీనియా ఊరి లిఫ్ట్ దగ్గర ఉండాలి.
- 1.30: భోజనం బిల్లు కట్టేసి, బూట్లు బిగించుకుని లేవాలి.

3.30కి ఆఖరి లిఫ్ట్ అంటే చాలామంది 2.30 వరకు కూర్చోవచ్చని అనుకుంటారు. ఆ గంట తేడాయే ఇటలీలో రాత్రి బసకు దారి తీస్తుంది. మధ్యలో ఎవరి స్కీ అయినా ఊడిపోవచ్చు, ఎవరికో బాత్‌రూమ్ అవసరం రావచ్చు, ఒక లిఫ్ట్ పది నిమిషాలు ఆగవచ్చు. అన్నీ ఒకే రోజున జరగడం కూడా కద్దు.

బస చెర్వీనియాలో ఉండి జెర్మాట్‌కు వచ్చేవారికీ సూత్రం ఇదే. వారు ట్రోకెనర్ స్టెగ్ నుంచి పైకి వెళ్లే ఆఖరి లిఫ్ట్ సమయం పట్టుకుని వెనక్కి రావాలి. జెర్మాట్ ఊరి దాకా దిగితే ట్రోకెనర్ స్టెగ్‌కు చేరడానికే గొండోలాల్లో చాలా సమయం పోతుందన్నది మరువకూడదు.

## 7. ముందు రాత్రి సరిచూసుకోవలసినవి

- పాస్‌పోర్ట్, నివాస అనుమతి కార్డు, బీమా కాపీ
- ఫ్రాంకులు కొన్ని, యూరోలు కొన్ని, ఒక కార్డు
- హెల్మెట్, గాగుల్స్ (మబ్బు రోజుకు లేత రంగు అద్దం ఉంటే మేలు)
- మెడ నుంచి ముక్కు దాకా కప్పే గుడ్డ, చేతి గ్లౌజులు, లోపలి పలుచటి గ్లౌజులు
- సన్‌స్క్రీన్, పెదవులకు రాసుకునే బామ్
- అర లీటరు నీళ్లు, కొన్ని ఖర్జూరాలో పల్లీ చిక్కీలో
- పూర్తిగా చార్జ్ చేసిన ఫోన్, చిన్న పవర్ బ్యాంక్
- రోజూ వాడే మందులు ఒక పూటకు అదనంగా
- కాగితం మీద రాసుకున్న సమయాల లెక్క

సన్‌స్క్రీన్ గురించి ఒక మాట. మన చర్మానికి అంతగా అవసరం లేదనుకుని చాలామంది వదిలేస్తారు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాలు సుమారు పది శాతం పెరుగుతాయి, కొత్త మంచు వాటిలో చాలా భాగాన్ని మళ్లీ ముఖం మీదికే కొడుతుంది. గడ్డం కింద, ముక్కు రంధ్రాల అంచుల్లో కూడా రాసుకోవాలి.

ఫోన్ విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. యూరోపియన్ యూనియన్‌లో ఉచితంగా పనిచేసే రోమింగ్ స్విట్జర్లాండ్‌లో పనిచేయాలన్న నియమం లేదు. స్విస్ సిమ్‌కు ఇటలీ విదేశమే. శిఖర రేఖ మీద ఫోన్ మీకు తెలియకుండానే అటు టవర్‌కు మారుతుంది. పిస్టుల మ్యాప్‌ను ముందే డౌన్‌లోడ్ చేసుకుని, మీ ప్లాన్‌లో రెండు దేశాలూ లేకపోతే డేటా రోమింగ్ ఆపేయాలి. చలికి బ్యాటరీ త్వరగా అయిపోతుంది కనుక ఫోన్‌ను లోపలి జేబులో, ఒంటి వేడి తగిలేలా పెట్టుకోవాలి.

## 8. ఉదయం: ఎక్కడం, దాటడం

జ్యూరిక్ నుంచి జెర్మాట్‌కు విస్ప్‌లో రైలు మారుతూ సుమారు మూడుంబావు గంటలు పడుతుంది. అందుకని ముందు రోజే చేరి రాత్రి ఉండాలి. కారులో వచ్చేవారు టేష్‌లో నిలిపి అక్కడి నుంచి షటిల్ రైలు ఎక్కాలి, జెర్మాట్‌లోకి కార్లను రానివ్వరు.

మొదటి అడుగు. హోటల్ నుంచి కదిలే ముందే యాప్‌లో ట్రోకెనర్ స్టెగ్ నుంచి క్లైన్ మాటర్‌హార్న్‌కు వెళ్లే లిఫ్ట్, చెర్వీనియాలో ప్లాటో రోజాకు వచ్చే కేబుల్ కార్, టెయోదుల్ కనుమకు ఎక్కించే బొంతదీని చెయిర్‌లిఫ్ట్, ఈ మూడింటినీ చూడాలి. మొదటిది పచ్చగా ఉండి మిగతా రెండూ ఎర్రగా ఉంటే వెళ్లగలరు గాని రాలేరు.

రెండో అడుగు. మొదటి గొండోలాల్లోనే ఫూరి మీదుగా ట్రోకెనర్ స్టెగ్ చేరాలి. అక్కడ పది నిమిషాలు ఆగి నీళ్లు తాగండి. ఎత్తుకు ఒళ్లు అలవాటు పడటానికీ, బాత్‌రూమ్‌కూ ఇదే సరైన చోటు.

మూడో అడుగు. క్లైన్ మాటర్‌హార్న్‌కు గొండోలాలో సుమారు తొమ్మిది నిమిషాలు. పైన దిగగానే గబగబా నడవవద్దు. స్కీలు భుజాన వేసుకుని సొరంగంలో నడిచేటప్పుడే గుండె దడదడలాడటం తెలుస్తుంది. తల తిరిగినా వాంతి వచ్చేలా ఉన్నా ఆ రోజుకు కిందికి దిగడమే ఉత్తమం. ఎత్తుతో వచ్చే ఇబ్బందికి ఎత్తు తగ్గడమే మందు.

నాలుగో అడుగు. అక్కడి నుంచి హిమానీనదం మీదుగా ప్లాటో రోజా వైపు ఇటలీ గుర్తులు చూసుకుంటూ దిగాలి. ఈ భాగంలో పిస్ట్ అంచు కర్రలు దాటి ఒక్క మీటరు కూడా పక్కకు పోకూడదు. చదునుగా, తెల్లగా, ఎవరూ తొక్కని ఆ మంచు కింద హిమానీనదపు పగుళ్లు ఉంటాయి. ఫొటో కోసం పక్కకు జరిగేవారికి ఇది పదే పదే చెప్పవలసి వస్తుంది.

క్లైన్ మాటర్‌హార్న్ ఎత్తు వద్దనుకునేవారు ట్రోకెనర్ స్టెగ్ వైపు నుంచి ఫుర్గ్‌సాట్టెల్ చెయిర్‌లిఫ్ట్ ఎక్కి అటునుంచి ఇటలీకి దిగవచ్చు. పిల్లలు ఉన్న జట్టుకు నేను ఈ దారినే సూచిస్తాను.

## 9. ఇటలీ వైపు గడిపే మూడు గంటలు

ప్లాటో రోజా నుంచి చెర్వీనియా ఊరి దాకా దిగే 7వ నంబరు వెంతీనా పిస్ట్ ఈ రోజుకు ప్రధాన ఆకర్షణ. దాదాపు 1,400 మీటర్ల ఎత్తు ఒక్క దారిలో దిగుతారు. వెడల్పుగా, పెద్ద పెద్ద మలుపులు తీసుకునేలా ఉంటుంది. మధ్యస్థ స్థాయివారికి ఆగుతూ దిగితే ముప్పావు గంట నుంచి గంట పడుతుంది. తొడలు మండడం మొదలుపెట్టక ముందే ఆగడం అలవాటు చేసుకోవాలి. మండాక ఆగితే మిగతా రోజంతా ఆ కాళ్లతోనే గడపాలి.

ఊరి దాకా దిగాలా, ప్లాన్ మైజోన్ చుట్టుపక్కలే ఉండాలా? మొదటిసారి వెళ్లేవారు ఊరి దాకా ఒక్కసారే దిగి, మిగతా సమయం ప్లాన్ మైజోన్ చుట్టూ ఉన్న నీలం, ఎరుపు పిస్టుల మీద తిరగాలి. భోజనం కూడా అక్కడే చేస్తే పై లెక్కలో ఒక అంచె మిగులుతుంది. ఇంకా కిందికి, 1,500 మీటర్ల దగ్గర ఉన్న వల్తూర్నాంష్ ఊరి దాకా దిగే పొడవైన దారి ఊరిస్తుంది గాని, అక్కడి నుంచి తిరిగి రావడానికి మరిన్ని లిఫ్టులు, మరో గంట పైన కావాలి. దాన్ని రెండో ప్రయాణానికి ఉంచుకోండి.

భోజనం స్విస్ వైపు కన్నా ఇక్కడ చౌక, రుచి కూడా ఎక్కువ. శాకాహారులు పొలెంతా అడగవచ్చు. మొక్కజొన్న రవ్వతో చేసిన సంగటి అనుకోండి, ఈ లోయలో దాన్ని ఫొంతీనా చీజ్, వెన్న వేసి కలుపుతారు. పళ్లెంలోకి వచ్చినప్పుడు చీజ్ తీగలు సాగుతూ ఉంటుంది. మీద మాంసం పులుసు పోసి ఇచ్చే రకం కూడా ఉంది కనుక ఆర్డర్ ఇచ్చేటప్పుడే "సెన్జా కార్నె" అని చెప్పాలి, అంటే మాంసం లేకుండా అని. సగం పళ్లెం తిని ఆపగలిగితే మధ్యాహ్నం బాగా జారతారు.

వేడిగా, పసుపు రంగులో, మీద క్రీమ్‌తో వచ్చే బొంబార్దీనో చూడటానికి పిల్లల పానీయంలా ఉన్నా అందులో మద్యం ఉంటుంది. ఇటలీలో స్కీ చేసేవారికి కూడా మద్యం పరిమితి చట్టంలో ఉంది. తిరుగు కొండ మిగిలి ఉండగా అది వద్దు.

## 10. తిరుగు ప్రయాణం

చీమె బియాంకె లాగి నుంచి పెద్ద కేబుల్ కార్‌లో ప్లాటో రోజా చేరడం ఒక దారి. ప్లాన్ మైజోన్ వైపు నుంచి ఫోర్నే చెయిర్‌లిఫ్ట్, దాని తర్వాత బొంతదీని చెయిర్‌లిఫ్ట్ ఎక్కి టెయోదుల్ కనుమ చేరడం రెండో దారి. కేబుల్ కార్ దగ్గర వరుస బారుగా ఉంటే రెండో దారి త్వరగా అవుతుంది. గాలి ఉన్న రోజున మాత్రం చెయిర్‌లిఫ్ట్ మీద ముఖం గడ్డకడుతుంది.

ఒక మార్చి మధ్యాహ్నం మేము ప్లాన్ మైజోన్‌లో భోంచేస్తున్నప్పుడు బయట జెండా గుడ్డ కర్రకు అడ్డంగా, అట్ట ముక్కలా బిగుసుకుని నిలబడి ఉంది. ఒక గంట ముందు అది వేలాడుతూ ఉండింది. మా బావ ఇంకో కాఫీ చెబుదామన్నాడు. నేను లేచి లిఫ్ట్ బోర్డు దగ్గరికి వెళ్లి చూస్తే పచ్చ దీపాల వరుసలో బొంతదీని దీపం నా కళ్ల ముందే ఎర్రగా మారింది. అప్పుడు సమయం 12.50. కాఫీ వదిలేసి గొండోలా వైపు నడిచాం. కేబుల్ కార్ ఎక్కాం గాని, మా తర్వాత అది ఎన్నిసార్లు నడిచిందో నాకు తెలియదు. అప్పటి నుంచి భోజనంలో ప్రతి అరగంటకూ జట్టులో ఒకరు లేచి బోర్డు చూసి రావడం మా పద్ధతి అయింది.

పైన దాటాక ప్రయాణం అయిపోయినట్లు కాదు. ట్రోకెనర్ స్టెగ్ వైపు హిమానీనదం మీద కొన్ని చోట్ల దారి చదునుగా ఉంటుంది. స్నోబోర్డ్ వాళ్లు వేగం పోగొట్టుకుంటే నడవాల్సి వస్తుంది. అక్కడి నుంచి ఫుర్గ్ మీదుగా ఫూరి దాకా దిగవచ్చు. ఫూరి కింద ఊళ్లోకి వెళ్లే పిస్ట్ సాయంత్రానికి గట్టిపడి, అందరూ ఒకేసారి దిగడంతో ఇరుకుగా ఉంటుంది. కాళ్లు అలిసి ఉంటే గొండోలాలో దిగండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. కిందికి దిగే గొండోలాలకు కూడా ఆఖరి సమయం ఉంటుంది.

ఇటలీలో ఏమైనా కొంటే, స్విట్జర్లాండ్‌లోకి పన్ను లేకుండా తెచ్చుకోగల వస్తువుల విలువ 2025 జనవరి నుంచి మనిషికి 150 ఫ్రాంకులు. అంతకు ముందు 300 ఉండేది. మాంసం అయితే మనిషికి ఒక కిలో.

## 11. లిఫ్టులు ఆగిపోతే

ఆగాయని తెలిసిన వెంటనే చేయవలసినవి, ఈ క్రమంలోనే:

1. రెండు దారులూ మూతపడ్డాయా అన్నది లిఫ్ట్ సిబ్బందిని అడిగి నిర్ధారించుకోండి. యాప్ ఆలస్యంగా మారవచ్చు.
2. తిరిగి తెరిచే అవకాశం ఉందా అని అడగండి. కచ్చితమైన జవాబు రాకపోతే ఎదురుచూడకుండా ఊళ్లోకి దిగిపోండి.
3. జెర్మాట్ హోటల్‌కు ఫోన్ చేసి రాత్రి రాలేకపోవచ్చని చెప్పండి. మీరు రాలేదని గాలింపు మొదలు కాకూడదు.
4. అదే స్థితిలో ఉన్న మరో జట్టుతో మాట్లాడండి. టాక్సీ ఖర్చు ఎనిమిది మంది పంచుకుంటే భరించగలిగేది, ఇద్దరికైతే గుండె ఆగేంతది.
5. చెర్వీనియాలో గది దొరికితే దాని ధరను టాక్సీతో పోల్చి చూడండి.

టాక్సీ ఆఓస్తా మీదుగా గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ సొరంగం దాటి, మార్టిన్యీ, విస్ప్ మీదుగా టేష్ చేరుతుంది. దాదాపు నాలుగు గంటలు. స్కీ బూట్లు తప్ప వేరే చెప్పులు లేకుండా ఆ నాలుగు గంటలు కూర్చోవాలి. నా అభిప్రాయంలో, మర్నాడు వాతావరణం బాగుంటుందన్న సూచన ఉంటే ఊళ్లో పడుకుని పొద్దున కొండ మీదుగా రావడమే మేలు. అయితే మర్నాటికి కూడా చెల్లే పాస్ ఉందో లేదో చూసుకోవాలి. పైన జాబితాలో ఒక పూట మందులు ఎందుకు పెట్టానో ఇప్పుడు తెలిసి ఉంటుంది.

ఎవరికైనా దెబ్బ తగిలితే: వారికి కాస్త ఎగువన రెండు స్కీలను అడ్డంగా, గుణకారపు గుర్తులా పాతాలి. 112 నంబరు రెండు దేశాల్లోనూ పనిచేస్తుంది, స్విస్ వైపు 144 కూడా. ఫోన్‌లో మొదట చెప్పవలసింది పిస్ట్ నంబరు. అది పక్కన కర్ర మీది ఫలకంలో రాసి ఉంటుంది. తర్వాత ఏ దేశం వైపు ఉన్నారో చెప్పాలి, ఎందుకంటే ఫోన్ అవతలి దేశపు టవర్ పట్టుకుని ఉండవచ్చు.

## 12. తరచుగా జరిగే తప్పులు, వాటికి సవరణలు

అందరి సమయాలూ ఒకరి దగ్గరే ఉండటం. జట్టు విడిపోతుంది, లెక్క తెలిసిన మనిషి ఒక లోయలో, మిగతావారు ఇంకో చోట తేలతారు. సమయాల కాగితం ఫొటో తీసి అందరికీ పంపాలి. విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో ఒక్క చోటే నిర్ణయించాలి. ప్లాన్ మైజోన్ స్టేషన్ ముందు అంటే అందరికీ దొరుకుతుంది.

కొత్త బూట్లతో బయల్దేరడం. అద్దె బూట్లు ఆ ఉదయమే తీసుకుంటే ఎక్కడ నొక్కుతుందో పదకొండు గంటలకు, మరో దేశంలో తెలుస్తుంది. ముందు రోజు తీసుకుని ఒక పూట వాడి చూడాలి. నొక్కితే దుకాణంలో మార్చి ఇస్తారు.

గాగుల్స్ నుదుటి మీదికి ఎత్తి పెట్టుకోవడం. చెమట ఆవిరి అద్దం లోపల చేరి, పైన చలికి గడ్డకడుతుంది. తినేటప్పుడు తీసి జాకెట్ లోపల పెట్టుకోవాలి. లోపలి అద్దాన్ని గ్లౌజుతో తుడవకూడదు, పైపూత గీసుకుపోతుంది.

పొగమంచులో మొండితనం. పైన తెలుపు, కింద తెలుపు కలిసిపోయి, కదులుతున్నామో ఆగామో కూడా తెలియని స్థితి ఈ హిమానీనదం మీద తరచుగా వస్తుంది. అప్పుడు పిస్ట్ అంచు కర్రలను ఒక్కొక్కటిగా పట్టుకుని, జట్టు మొత్తం ఒకే వరుసలో, ముందువారు కనిపించేంత దూరంలో దిగాలి. క్లైన్ మాటర్‌హార్న్ మీద ఉండగానే అలా ఉంటే గొండోలాలో వెనక్కి దిగిపోవచ్చు.

## 13. వెంట స్కీ రాని పెద్దవారు ఉంటే

అమ్మానాన్నలు ఊరి నుంచి వచ్చి ఉంటే వారిని హోటల్‌లో కూర్చోబెట్టనక్కర్లేదు. 2023 జూలై 1న క్లైన్ మాటర్‌హార్న్‌కూ తెస్తా గ్రీజాకూ మధ్య కొత్త గొండోలా మార్గం మొదలైంది. అప్పటి నుంచి స్కీలు లేకుండానే, మామూలు బూట్లతో, జెర్మాట్ నుంచి చెర్వీనియా దాకా కేబిన్లలోనే వెళ్లి రావచ్చు. టికెట్ విడిగా, పాదచారుల టికెట్ అని అడిగి తీసుకోవాలి.

గుండె జబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, అదుపులో లేని రక్తపోటు ఉన్నవారు డాక్టర్‌ను అడగకుండా 3,883 మీటర్లు ఎక్కకూడదు. ఆరోగ్యంగా ఉన్నవారైనా పైన అరగంట మించి ఉండకుండా ప్లాన్ మైజోన్ దాకా దిగిపోతే హాయిగా ఉంటుంది. భోజనానికి అక్కడ కలుసుకోవచ్చు. అయితే వారి తిరుగు ప్రయాణానికి ఒక గొండోలా, ఒక కేబుల్ కార్, సరిహద్దు దాటాక మరిన్ని కేబిన్లు ఉన్నాయి. వారిని మీకన్నా అరగంట ముందే లేపి, కేబుల్ కార్ వరుస దాకా మీలో ఒకరు వెంట వెళ్లండి.